ఊరి క్లబ్బులో జాజ్ సాయంత్రం: మనం వెళ్ళొచ్చా?

ఇంగ్లండ్‌లో సిటీకి దూరంగా, పల్లెల వైపు ఇల్లు తీసుకున్న మనవాళ్ళు తరచుగా అడిగే సందేహం ఇది. "మా ఊళ్ళో సోషల్ క్లబ్ ఉంది. అప్పుడప్పుడు లైవ్ జాజ్ అని బయట బోర్డు పెడతారు. మాకు సభ్యత్వం లేదు, మందు అలవాటు లేదు, ఆ సంగీతం గురించి ఏమీ తెలియదు. వెళ్తే ఇబ్బంది పడతామా?"

ఇబ్బందేమీ లేదు, తప్పకుండా వెళ్ళండి. చలి గురించీ వాన గురించీ రెండు మాటలతో ఆగిపోయిన ఇరుగుపొరుగు పరిచయం ముందుకు సాగాలంటే ఇంతకన్నా మంచి చోటు ఆ ఊళ్ళో మీకు దొరకదు. పబ్బులో ఎవరి గుంపు వాళ్ళది. ఇక్కడ మాత్రం అందరూ ఒకే సంగీతం వింటారు, మధ్యలో విరామం ఉంటుంది, కొత్త ముఖం కనిపిస్తే పక్క టేబుల్ వాళ్ళే పలకరిస్తారు.

ముందు సభ్యత్వం సంగతి. ఇలాంటి క్లబ్ సభ్యుల సొంతం, వాళ్ళు ఎన్నుకున్న కమిటీ దాన్ని నడుపుతుంది. క్లబ్ లైసెన్సు మీద నడిచే చోట సభ్యులకూ, వాళ్ళు వెంటపెట్టుకొచ్చిన అతిథులకూ మాత్రమే మద్యం అమ్మాలని 2003 నాటి లైసెన్సింగ్ చట్టం చెబుతుంది. గుమ్మం దగ్గర పుస్తకం పెట్టి మీ పేరు, మిమ్మల్ని తీసుకొచ్చిన సభ్యుడి పేరు రాయించేది అందుకే. మనల్ని చూసి అనుమానిస్తున్నారేమో అని నొచ్చుకోకండి. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడైనా సభ్యుడు కాకపోతే పేరు రాయాల్సిందే. కొన్ని క్లబ్బులు సంగీతం ఉన్న రోజున కౌన్సిల్‌కి ముందే నోటీసు ఇచ్చి అందరినీ రానిస్తాయి. బోర్డు మీద 'ఆల్ వెల్‌కమ్' అని ఉంటే నేరుగా వెళ్ళిపోవచ్చు. లేకపోతే ముందు రోజు ఫోన్ చేసి, "మేం ఊరికి కొత్త, మెంబర్లం కాదు, జాజ్ వినడానికి రావచ్చా" అని అడగండి. పేరు రాసి లోపలికి తీసుకెళ్ళే సభ్యుణ్ణి చాలాసార్లు వాళ్ళే చూసిపెడతారు.

మందు గురించి టెన్షన్ అక్కర్లేదు. లైమ్ అండ్ సోడా అడిగితే ఎవరూ వింతగా చూడరు, ఎందుకు తాగరని అడగరు. బార్ దగ్గరికే వెళ్ళి తెచ్చుకోవాలి, టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. ఎవరైనా మీకు డ్రింక్ కొనిస్తే తర్వాతి విడత మీరు కొనండి, ఈ మర్యాద మాత్రం మర్చిపోవద్దు. ఖాళీ కుర్చీ కనిపించినా, ఎవరైనా కూర్చుంటారా అని అడిగాకే కూర్చోండి. ఏళ్ళ తరబడి ఒకే చోట కూర్చునేవాళ్ళుంటారు. కార్డు తీసుకోని చోట్లు ఉన్నాయి కాబట్టి జేబులో కొన్ని పౌండ్లు నోట్లూ చిల్లరా ఉంచుకోండి. విరామంలో రాఫిల్ (లక్కీ డ్రా) టికెట్లు అమ్ముతూ వస్తారు, ఒక వరస టికెట్లు కొనండి. బ్యాండుకి ఇచ్చే డబ్బులో కొంత చాలా చోట్ల దాన్నుంచే వస్తుంది.

ఇక అసలు విషయం సంగీతం. జాజ్ అర్థం కాదని భయపడేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. కచేరీలో పల్లవి అందుకుని, స్వరకల్పన చేసి, మళ్ళీ పల్లవికి రావడం మీకు తెలుసు కదా, ఇదీ దాదాపు అదే దారి. ముందు బ్యాండంతా కలిసి ఒక వరస వాయిస్తుంది. దాన్ని 'హెడ్' అంటారు. తర్వాత ట్రంపెట్, శాక్సోఫోన్, పియానో ఒక్కొక్కటిగా అదే చట్రం మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాయి, దీన్నే సోలో అంటారు. చివర్లో మళ్ళీ హెడ్. చాలా పాటలకి ఆ చట్రం 32 బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది), అంటే ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు. ఒకటి, రెండు, నాలుగు ఒకే వరస, మూడోది వేరు. ఆ మూడో భాగం దగ్గర మలుపు ఒకసారి చెవికి పట్టిందంటే సోలోలో దారి తప్పరు.

కళ్ళకీ పని చెప్పండి. బ్యాండు నాయకుడు తన తలని చేత్తో తట్టుకుంటే మళ్ళీ హెడ్‌కి రమ్మని సైగ. పాటకి ముందు రెండు వేళ్ళు కిందికి చూపిస్తే శ్రుతి బి ఫ్లాట్ అని. నాలుగు వేళ్ళు ఎత్తితే ఇక డ్రమ్మర్‌తో నాలుగేసి బార్ల చొప్పున సవాలు జవాబు మొదలవుతుంది. రిహార్సల్ లేకుండా, ఆ రోజే కలిసినవాళ్ళు కూడా ఈ సైగల మీద మూడు గంటలు వాయించేస్తారు. దగ్గర నుంచి అది చూడటం నాకు చాలా ఇష్టం, పెద్ద హాల్లో ఆ వేళ్ళు కనిపించవు.

ప్రతి సోలో అయ్యాక, పాట నడుస్తుండగానే చప్పట్లు కొడతారు. మీరూ కొట్టండి. బాస్ (మంద్రంగా మోగే పెద్ద తీగవాయిద్యం) సోలో వచ్చినప్పుడు మాత్రం మాటలు ఆపాలి, అది చాలా మెల్లగా వినిపిస్తుంది.

అక్కడ తెల్లజుట్టు వాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. దానికి కారణం ఉంది. 1950ల చివర్లో, 60ల మొదట్లో బ్రిటన్‌లో న్యూ ఆర్లీన్స్ పద్ధతి జాజ్‌కి విపరీతమైన ఆదరణ వచ్చింది. క్రిస్ బార్బర్, కెన్నీ బాల్, ఆకర్ బిల్క్ అప్పటి కుర్రకారు అభిమాన తారలు. బిల్క్ క్లారినెట్ రికార్డు 1962లో అమెరికాలో కూడా మొదటి స్థానానికి చేరింది. ఆ రోజుల్లో టీనేజ్‌లో ఉన్నవాళ్ళ వయసు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ. మొదటిసారి జాజ్ ఎక్కడ విన్నారని అడిగి చూడండి, విరామమంతా వాళ్ళే మాట్లాడతారు.

మీకు వయొలిన్, మృదంగం, తబలా వచ్చా? అయితే ఇంకో మాట. వాయిద్యం తెచ్చుకుని కలవచ్చని ముందే చెప్పే జామ్ సెషన్లు కొన్ని చోట్ల ఉంటాయి. మామూలు రోజున మాత్రం పిలవకుండా స్టేజీ ఎక్కకూడదు, విరామంలో నాయకుణ్ణి అడగాలి. 12 బార్ల చట్రం మీద నడిచే బ్లూస్ అనే రకం పాట ఒకటి బాగా సాధన చేసి వెళ్ళండి, అది అందరికీ వచ్చు. మన వాయిద్యాలు అక్కడ నప్పవేమో అన్న అనుమానం వద్దు. కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్, జమైకా నుంచి వచ్చిన శాక్సోఫోన్ విద్వాంసుడు జో హ్యారియట్ కలిసి సితార్, తబలాలతో జాజ్ వాయించింది 1960ల లండన్‌లోనే.

పిల్లల్ని తీసుకెళ్ళేముందు ఎన్ని గంటల వరకు ఉండనిస్తారో కనుక్కోండి, ఒక్కో క్లబ్బుది ఒక్కో రూలు. డ్రమ్స్‌కి దూరంగా కూర్చోబెట్టండి. పల్లె బస్సులు తొందరగా ఆగిపోతాయి, తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి.

కొన్నిసార్లు వెళ్ళాక నచ్చితే సభ్యులైపోండి. సాధారణంగా ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. చట్టం ప్రకారం దరఖాస్తుకీ చేర్చుకోవడానికీ మధ్య కనీసం రెండు రోజులు ఉండాలి. ఆ తర్వాత ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ పుస్తకంలో వాళ్ళ పేర్లు మీరే రాసి లోపలికి తీసుకెళ్ళొచ్చు. ఒకే అతిథిని ఎన్నిసార్లు తేవచ్చో కొన్ని క్లబ్బుల్లో పరిమితి ఉంటుంది, చేరేటప్పుడే అడిగి తెలుసుకోండి.