కట్టిన పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్మితే ఎవరైనా కొంటారా? నా అనుభవం

పెళ్లిళ్లకని కొని ఒకటి రెండుసార్లు కట్టిన పట్టుచీరలు పది దాకా ఉన్నాయి, ఒక లెహంగా కూడా ఉంది, వాటిని ఆన్‌లైన్‌లో నేనే అమ్ముకోవచ్చా, ఎంత వస్తుంది, మోసాలుంటాయా అని అడిగారు కదా.

అమ్ముకోవచ్చండీ. మేం నిజాంపేటలోనే చిన్న ఫ్లాట్‌కి మారినప్పుడు ఒక బీరువా తగ్గించుకోవాల్సి వచ్చింది. అలా మొదలుపెట్టాను. రెండేళ్లలో పదిహేడు చీరలు, నా లెహంగా ఒకటి, మా అమ్మాయి పట్టు లంగాలు నాలుగు పోయాయి. నాకు షాపు లేదు, పేజీ లేదు. ఫేస్‌బుక్‌లో వాడిన చీరలు అమ్ముకునే గ్రూపులు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, అంతే.

ముందు ధర సంగతి చెప్తాను, నేను బోల్తా పడింది అక్కడే. తమ్ముడి పెళ్లికి 18,500 పెట్టి కొన్న కంచిపట్టు, రెండుసార్లే కట్టాను కదా అని 14,000 అని పెట్టాను. మూడు వారాల పాటు "ఇంకా ఉందా?" అని అడగడం, ధర చెప్పగానే మాయమైపోవడం. చివరికి 6,500కి పోయింది. మనం ఎంతకు కొన్నామో వాళ్లకు అనవసరం. ఇంకో నాలుగు వేలు కలిపితే షాపులో కొత్తది, మడత విప్పనిది, బ్లౌజు ముక్కతో సహా వస్తుంటే మనది ఎందుకు కొంటారు? ఇప్పుడు బాగున్న పట్టుచీరకు కొన్న ధరలో మూడో వంతు అనుకుని మొదలుపెడతాను. బిల్లు, సిల్క్ మార్క్ ట్యాగు దాచి ఉంటే ఇంకొంచెం అడుగుతాను. ఆ ట్యాగు సెంట్రల్ సిల్క్ బోర్డు తరఫున అసలు పట్టుకు ఇచ్చేది కాబట్టి కొనేవాళ్లకు అది పెద్ద ధైర్యం. బ్లౌజుకు మాత్రం ఏ విలువా కట్టొద్దు. నేను ఒక బ్లౌజుకు మగ్గం వర్కు 4,000 పెట్టి చేయించాను. అందులో ఒక్క రూపాయి తిరిగి రాలేదు, కొన్నావిడ కొలత వేరు మరి.

వీధిలోకి "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ వచ్చే అతనికి అదే కంచిపట్టు చూపిస్తే 700 అన్నాడు. అతను పట్టును చూడడు, జరీ దారం ఒకటి లాగి గీకి చూస్తాడు. వెండి తీగకు బంగారు పూత వేసిన పాతకాలం జరీ అయితేనే అతనికి లాభం. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు రాగి తీగదో ప్లాస్టిక్‌దో. అందుకని అమ్మమ్మల నాటి చీర ఏదైనా ఉంటే తొందరపడి ఇచ్చేయకండి, ముందు తెలిసిన కంసాలికి చూపించండి.

అసలు విషయానికొస్తాను. రాజమండ్రి ఆవిడ ఒకరు నా దగ్గర ఉప్పాడ చీర 4,200కి కొన్నారు. పార్శిల్ అందిన రోజు రాత్రి ఫోటో పెట్టారు, మధ్య మడత మీద పట్టు పిగిలిపోయి ఉంది. నాకు గుండె ఆగినంత పనైంది. మోసం చేద్దామని కాదు, నేనే చూసుకోలేదు. ఏడెనిమిదేళ్లు ఒకే మడతలో, కలరా ఉండల మధ్య, పైన ఇంకో పది చీరల బరువుతో ఉంటే పట్టు అలాగే పిగులుతుంది, జరీ ఉన్నచోట మరీను. చీర వెనక్కి పంపుతానన్నారు. వద్దులెండి అని 1,500 తిరిగి వేసి క్షమాపణ చెప్పాను.

ఆ తర్వాత నుంచి ఏ చీరైనా ముందు పూర్తిగా విప్పి, పగటిపూట కిటికీకి అడ్డంగా పట్టుకుని మూర మూరా వెలుతురులో చూస్తాను. చిల్లులు, పిగుళ్లు ఇలా అయితేనే కనబడతాయి. కుచ్చిళ్ల దగ్గర పిన్ను గుచ్చిన చోట్లు, కొంగు మీద సాంబారు మరక, నల్లబడ్డ జరీ, మెడ దగ్గర చెమట మచ్చ, ఫాల్ దగ్గర దుమ్ము, ఒక్కోదానికి విడిగా దగ్గర నుంచి ఫోటో తీసి మొదటే పెట్టేస్తాను. మా ఆయన అయితే "అమ్ముతున్నావా, చెడగొడుతున్నావా" అని నవ్వారు. చిత్రం ఏంటంటే అప్పటి నుంచే చీరలు త్వరగా పోవడం మొదలైంది. ధగధగలాడే ఫోటోలు షాపుల వాళ్లూ పెడతారు. మరక ఎక్కడుందో చూపించేది సొంత చీర అమ్మేవాళ్లే, అది చూశాకే అవతలివాళ్లు మన మాట నమ్ముతారు. బేరం కూడా తగ్గింది, మరక సంగతి మనమే చెప్పేశాక ఇంక వాళ్లు దేన్ని ఎత్తి చూపుతారు?

ఫోటోలు ట్యూబులైటు కింద తీయకండి, వంకాయ రంగు నీలంగా వస్తుంది, ఆ గొడవ నేను పడ్డాను. పొద్దున పూట బాల్కనీలో తీయండి. పొడవు కొలిచి రాయండి, బ్లౌజు ముక్క కత్తిరించిందీ లేనిదీ రాయండి. కలరా ఉండల వాసన పోవడానికి రెండు రోజులు నీడలో ఆరేస్తే చాలు. డ్రై క్లీనింగ్ చేయించానని చెబితే ఇంకా మంచిదే, కానీ రెండు వేల చీరకు ఆ ఖర్చు దండగ.

మోసాల గురించి. నాకు ఎదురైంది ఇదీ: ఒకతను బేరమే ఆడకుండా 1,500 అడ్వాన్సు వేస్తానన్నాడు. నిమిషంలో మెసేజ్ వచ్చింది, ఖాతాలో 15,000 జమ అని. వెంటనే ఫోను, "మేడమ్, సున్నా ఒకటి ఎక్కువ కొట్టాను, 13,500 వెనక్కి వేయండి, మా అమ్మ ఆసుపత్రిలో ఉంది" అని కంగారు. నేనూ టెన్షన్ పడిపోయి యాప్ తెరిచాను. బ్యాలెన్సు చూస్తే పైసా రాలేదు. ఆ మెసేజ్ బ్యాంకు నుంచి కాదు, మామూలు పదంకెల నంబరు నుంచి వచ్చింది. ఇంకో రకం వాళ్లు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మన డబ్బే పోతుంది. ఖర్మకాలి పోయినా ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మెసేజ్ చూసి కాదు, ఖాతాలో బ్యాలెన్సు చూసుకున్నాకే పార్శిల్ కట్టండి.

ఇంకో బెడద, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్తాను. "మీరు కట్టుకుని ఫోటో పెట్టండి" అనే మగవాళ్లు తప్పకుండా తగులుతారు. జవాబివ్వకుండా బ్లాక్ చేయండి. నేను నా ఫోటో ఒక్కటి కూడా పెట్టలేదు, చీరను హ్యాంగర్‌కి వేసే తీస్తాను. ఫోన్ నంబరు కూడా పాత సిమ్ ఒకటి దీనికే ఉంచాను.

పంపడానికి నేను స్పీడ్ పోస్టునే నమ్ముకున్నాను. చీరను పాత నూలు గుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు, ఆపైన గట్టి కవరు. పార్శిల్ మీద పట్టుచీర అని రాయను. మడతపెట్టే దగ్గర నుంచి అంటించే దాకా ఫోన్లో వీడియో తీస్తాను, వాళ్లనూ విప్పేటప్పుడు తీయమంటాను. పోస్టు ఖర్చు కొనేవాళ్లదే అని ముందే రాసేయండి, రాజమండ్రికి నాకు వంద దాటింది.

పన్ను భయం అక్కర్లేదు. మన సొంత వాడుక బట్టలు ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మూలధన ఆస్తి కిందికి రావు, నగలు వస్తాయి గానీ బట్టలు రావు. అయితే అమ్మడానికే చీరలు కొనడం మొదలుపెడితే అది వ్యాపారం, దాని లెక్కలు వేరు.

మా అత్తయ్యగారు మొదట్లో "కట్టి విడిచిన చీర అమ్ముకోవడం ఏంటమ్మా, మనకేం తక్కువైందని" అన్నారు. నేను వాదించలేదు. కాకినాడ లెక్చరర్ ఒకావిడ నా గద్వాల్ చీర కట్టుకుని కాలేజీకి వెళ్తూ పంపిన ఫోటో చూపించాను. మర్నాడు అత్తయ్యగారే తన ధర్మవరం చీరలు రెండు తెచ్చి మంచం మీద పెట్టి, "నావని చెప్పకు" అన్నారు.

అన్నీ పోవు. కుర్తీలు, ఫ్యాన్సీ చీరలు నా దగ్గర అస్సలు కదల్లేదు, చివరికి స్టీలు సామాన్లావిడకు ఇచ్చి ఒక బేసిన్ తీసుకున్నాను. అందరికంటే ముందు పోయేవి పిల్లల పట్టు లంగాలు. వయసు కాకుండా పొడవు, నడుము ఇంచుల్లో రాయండి. పిగిలిన పట్టుచీరను కూడా పారేయకండి, మంచి భాగం వరకు కోసి పిల్లల లంగాలు కుట్టేవాళ్లు, కూచిపూడి నేర్పేవాళ్లు డ్రెస్సుల కోసం అడుగుతారు. మావి రెండు అలాగే పోయాయి.

ఇక ఆషాఢంలో పెట్టకండి, షాపుల్లో డిస్కౌంట్లు నడుస్తుంటే మనల్ని పలకరించే దిక్కుండదు. శ్రావణానికి పది రోజుల ముందు పెడితే వరలక్ష్మీ వ్రతానికని అడుగుతారు, సంక్రాంతికి ముందు కూడా బాగుంటుంది. మీ లెహంగాను మాత్రం పెళ్లి ముహూర్తాలు మొదలవడానికి నెల ముందు పెట్టండి, కొన్నావిడ నడుము బిగించుకోవడానికో వదులు చేయించుకోవడానికో టైలర్‌కి ఆ మాత్రం గడువు కావాలి. లోపల కుట్టు ఎంత వదిలారో కూడా కొలిచి రాయండి, నా లెహంగా విషయంలో కొన్నమ్మాయి మొదట అడిగింది అదే.