రెక్క పైనుండాలా, కిందుండాలా?

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

లైసెన్సు వచ్చింది, ఇక సొంత విమానమే అంటున్నావు. సంతోషం. రెక్క పైనున్న సెస్నా 172 తీసుకోవాలా, రెక్క కిందున్న పైపర్ చెరోకీ తీసుకోవాలా అని అడిగావు. ఏది గొప్పదని నన్ను అడగొద్దు. ఎవర్ని ఎక్కిస్తావు, ఎక్కడ నిలబెడతావు, అది చెప్పు ముందు.

అమ్మను తిప్పుతానన్నావు కదా. చెరోకీకి తలుపు ఒక్కటే, అదీ కుడివైపు. రెక్క మీద గరుకు పట్టీ ఉంటుంది, దాని మీదే అడుగేసి ఎక్కాలి. ముందు నువ్వు లోపలికి దూరి అవతలి సీటులోకి జరిగితేగానీ పక్కన కూర్చునేవాళ్లు రాలేరు. చీర కట్టుకుని, మోకాళ్ల నొప్పులతో అక్క ఆ రెక్క ఎక్కుతుందా? సెస్నాకు రెండువైపులా తలుపులు. పైన రెక్క ఉంది కాబట్టి మే నెలలో రేణిగుంట ఎండకు కాస్త నీడ, కార్తీకం వానలకు కాస్త గొడుగు. పెట్రోలు పోయాలన్నా, ట్యాంకు చూడాలన్నా మాత్రం నిచ్చెన కావాలి.

గాల్లోకి లేచాక లెక్క వేరు. సెస్నాలో చంద్రగిరి కోట, కల్యాణి డ్యామ్, స్వర్ణముఖి అన్నీ కళ్ల కిందే. కానీ ఎటు తిరుగుతావో అటు రెక్క వాలి సరిగ్గా అటువైపే మూసేస్తుంది. చెరోకీలో తిరిగే వైపు తెరిచి ఉంటుంది, కింద ఉన్నదే కనబడదు. ఇప్పుడు ఆలోచించు. దిగడానికి వస్తూ పైన చెరోకీ, దాని కిందే సెస్నా. పైవాడికి కిందవాడు కనబడడు, కిందవాడికి పైవాడు కనబడడు. కంట్రోల్ టవర్ ఉన్నచోట ఇంకో జత కళ్లుంటాయి. టవర్ లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో మీరిద్దరే. అందుకే సెస్నాలో తిరిగేముందు అటువైపు రెక్క కొంచెం పైకెత్తి, చూసి, అప్పుడు తిరుగు. చెరోకీలో ఎక్కువసేపు తిన్నగా దిగొద్దు, కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ కింద చూసుకో. రేడియోలో ఎక్కడున్నావో చెబుతూనే ఉండు.

నాకు అసలు టెన్షన్ ఇంధనం దగ్గరే. 172లో ట్యాంకులు పైన, ఇంధనం దానంతటదే కిందికి జారుతుంది, ఏ ట్యాంకు నుంచి రావాలో ఎంచే సెలెక్టర్ మీటను 'రెండూ' మీద పెట్టేస్తే సరి. చెరోకీలో పంపు లాగాలి, ఎడమ ట్యాంకో కుడి ట్యాంకో ఒక్కటే ఎంచుకోవాలి. మార్చడం మర్చిపోతే ఒకవైపు నిండా ఉండగానే ఇంజన్ ఆగిపోతుంది. ఇట్లా పొలాల్లో దిగిన విమానాలు చాలానే ఉన్నాయి. అరగంటకోసారి ఫోన్లో అలారం పెట్టుకుంటే నామోషీ ఏమీ కాదు.

ల్యాండింగ్‌లో కింది రెక్కది నేలకు దగ్గరై కాసేపు తేలుతుంది, స్పీడు ఎక్కువుంటే మరీ. రెండు మూడు రోజుల్లో చేయి అలవాటు పడుతుంది, దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

నన్నడిగితే నీకు సెస్నా. 1956లో తయారీ మొదలైన రకం, మన దేశపు ఫ్లయింగ్ స్కూళ్లలోనూ బాగా వాడుతున్నారు, పని తెలిసిన ఇంజనీరు దొరుకుతాడు. కానీ కొనేముందు రెండింటిలోనూ ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరి చూడు. అక్కను కూడా తీసుకెళ్లి, ఊరికే ఎక్కించి దించు. ఈ విమానాల్లో పోసే పెట్రోలు, అంటే అవ్‌గ్యాస్, అన్ని విమానాశ్రయాల్లో దొరకదు. నువ్వు నిలబెట్టే చోట ఎవరు పోస్తారో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వు.

మామయ్య
తిరుపతి