నాదికీ నదికీ నడుమ

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన కథ నిన్న రాత్రి చదివాను. దుగ్గిరాల దగ్గర కాలువ గట్టున నిలబడి, ఒకప్పుడు తన చేలోకి పారిన నీళ్ళను చూస్తూ ముసలామె మనవరాలితో అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కథంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాశావు గనుక, ఆమె "ఇది నది కాదు" అన్నదో, "ఇది నాది కాదు" అన్నదో నాకు తేలలేదు. మొదటిదైతే అది కాలువ గురించిన మామూలు మాట, రెండోదైతే పొలం అమ్ముకున్న మనిషి దుఃఖం. కథ ప్రాణమంతా ఒక్క దీర్ఘంలో ఉండగా, ఆ దీర్ఘమే నీ రాతలో లేదు. నది, నాది, నడి, నాడి నాలుగూ ఆ అక్షరాల్లో ఒకే తీరుగా కనిపిస్తాయి.

ఫోనులో రాయవద్దని నేననను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటి నుంచి, చదువరి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే అతని దగ్గరికి వెళ్ళాలని నమ్మి పనిచేసినవాళ్ళు మన ప్రాంతంలో ఉన్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం కేంద్రంగా కాలువ మీద పడవ గ్రంథాలయాన్నే నడిపించారు. ఆ పడవ చేసిన పని ఇవాళ నీ చేతిలోని ఫోను చేస్తోంది కాబట్టి, తెర మీది చదువును చులకన చేసేవాళ్ళ మాట నాకు రుచించదు. అయితే ఏ పనిముట్టుతో రాస్తే మన తెలుగులో ఎంత మిగులుతుందో రాసేవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి.

ఈ సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది. గవర్నరుపేటలో డీటీపీ, అంటే కంప్యూటరు మీద అచ్చుకూర్పు, చేయించిన నా కథలు ఎన్నో పాత ఫాంట్లలో ఉండిపోయాయి. ఆ ఫాంట్లు తలకట్టునూ గుడినీ ఒత్తునూ ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో సర్దేవి. కంటికి తెలుగులా కనిపించినా కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిచినప్పుడు, పదేళ్ళ నా రాత అర్థంలేని గుర్తుల కుప్పగా కనిపించింది. ప్రతి అక్షరానికీ ఏ యంత్రంలోనైనా ఒకే సంకేతం ఉండేలా చేసిన యూనికోడ్ పద్ధతి అలా కాదు. అందులో క్ష అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు, మనం పలికే వరుసలోనే ఉంటాయి. అందువల్లనే మాటను వెతికితే దొరుకుతుంది, చూపు లేనివారికి ఫోను దాన్ని చదివి వినిపించగలుగుతుంది. నీ కథ అటువంటివారికీ చేరాలి కదా.

ఏడో తరగతి చదువుతున్న మా మనవడు ఇంగ్లీషు మీటలు నొక్కి, తెర చూపించిన తెలుగు మాటల్లోంచి సరైనదాన్ని ఇట్టే ఎంచుకుంటాడు. అదే మాటను కాగితం మీద రాయమంటే ఏ హల్లుకు ఏ ఒత్తో తేల్చుకోలేక కలం ఎత్తి పట్టుకుంటాడు. చూసి గుర్తుపట్టడం ఒక విద్య, లోపలినుంచి అక్షరాన్ని కూర్చుకోవడం మరొక విద్య. రచయితకు రెండోది లేకపోతే చెవి పదునెక్కదు. అందుకే నువ్వు ఇన్‌స్క్రిప్ట్ మీటల పలక (తెలుగు అక్షరాలను నేరుగా కొట్టే కీబోర్డు) నేర్చుకోవాలని గట్టిగా కోరుతున్నాను. ఎడమ చేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడి చేతి వైపు హల్లులూ ఉంటాయి. మొదట్లో వేళ్ళు తడబడతాయి, కొన్నాళ్ళకు అవే దారి పడతాయి. నాకు ఈ వయసులో అబ్బిన పని నీకు అబ్బకపోదు.

చేతులు ఖాళీ లేనప్పుడు నోటితో చెప్పి రాయిస్తున్నానన్నావు. చిత్తుప్రతికి అది మంచి సాయమే గాని, సంభాషణలను మాత్రం దానికి అప్పగించకు. నేను "వొస్తన్నా" అని పలికి చూస్తే అది "వస్తున్నా" అని రాసింది. తప్పు దిద్దానని అది అనుకోవచ్చు, కాని ఆ దిద్దుబాటులో గుంటూరు జిల్లా ముసలామె నోరు పోయింది. నీ పాత్ర ఎలా పలికిందో యంత్రానికి తెలియదు, దగ్గర కూర్చుని విన్నదానివి నువ్వు.

కథ తెలుగు లిపిలో, నీ వేళ్ళతోనే మళ్ళీ రాసి పంపు. గట్టు మీది ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు తొందరపడకు. "నాది" అని ఉంటుందనే నా నమ్మకం, అయినా నీ అక్షరాల్లో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు