పని వచ్చిన నీకు, పని నేర్పడం గురించి

తమ్ముడూ,

ఇన్నేళ్లు ఫీల్డ్‌లో పనిచేసి ఇప్పుడు ఉద్యోగానికి పనికొచ్చే పనులు నేర్పే కెరీర్ కాలేజీలో ఎలక్ట్రికల్ చెప్పడానికి చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. పని నీకు బాగా వచ్చు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ పని రావడం వేరు, నేర్పడం వేరు. నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: క్లాసులో నువ్వు మాట్లాడే టైమ్ తగ్గాలి, పిల్లలు చేతులతో చేసే టైమ్, నోటితో చెప్పే టైమ్ పెరగాలి.

చేయి తిరిగినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. పనిలో సగం మెట్లు మన కంటికి కనిపించడం మానేస్తాయి. వోల్టేజ్, కరెంట్ కొలిచే మల్టీమీటర్‌నే తీసుకో. నువ్వు మీటర్ పట్టుకోగానే ఎర్ర ప్రోబ్ (కొలవడానికి తాకించే వైరు) మీటర్ మీద ఏ సాకెట్‌లో ఉందో నీ కన్ను దానంతట అదే చూసేస్తుంది, చూసిన సంగతి నీకే గుర్తుండదు, కాబట్టి క్లాసులో చెప్పవు. నిన్న కరెంట్ కొలిచిన కుర్రాడు ప్రోబ్‌ని ఆంపియర్ సాకెట్‌లోనే వదిలేసి ఈరోజు వోల్టేజ్ కొలవడానికి వెళ్తాడు. ఆ సాకెట్ వైపు రెసిస్టెన్స్ దాదాపు ఉండదు, అంటే సప్లయ్‌ని నేరుగా షార్ట్ చేసినట్టే. మంచి మీటర్ అయితే లోపలి ఫ్యూజ్ పోతుంది, నాసిరకం మీటర్ అయితే వాడి చేయి కాలుతుంది. అందుకే ప్రతి ప్రాక్టికల్‌కి ముందురోజు ఆ పనిని ఒక్కడివే నెమ్మదిగా చేసి, చేయి, కన్ను చేసే ప్రతి చిన్న పనినీ కాగితం మీద రాసుకో. విసుగ్గా ఉంటుంది, అయినా చెయ్యి. నీ లెసన్ ప్లాన్‌లో అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఓడలు కట్టడానికి కొత్త పనివాళ్లు పెద్ద సంఖ్యలో కావలసి వచ్చినప్పుడు, చార్లెస్ అలెన్ అనే ఆయన పని నేర్పడానికి నాలుగు మెట్లు పెట్టాడు: నేర్చుకునేవాడిని సిద్ధం చెయ్యి, చూపించు, వాడితో చేయించు, ఒంటరిగా చేయగలడా లేదా పరీక్షించు. మనలో చాలామంది రెండో మెట్టు దగ్గరే పీరియడ్ అంతా గడిపేస్తాం. నువ్వు అలా చేయకు. డెమో ఇచ్చేటప్పుడు మొదట మామూలు వేగంతో, మాట్లాడకుండా ఒకసారి చేసి చూపించు. రెండోసారి నెమ్మదిగా, ఎందుకు చేస్తున్నావో చెబుతూ చెయ్యి. మూడోసారి సప్లయ్ ఆఫ్ చేసి, స్టూడెంట్ చెబుతుంటే నువ్వు చెయ్యి. వాడు చెప్పింది మాత్రమే చెయ్యి. సాకెట్ చూసుకోమని వాడు అనకపోతే నీ చేయి అక్కడే ఆగిపోవాలి. క్లాసంతా చూస్తుంటుంది, వదిలేసిందేమిటో ఎవరో ఒకరు కనిపెడతారు, ఇక ఆ మెట్టు వాళ్లు అంత తొందరగా మర్చిపోరు. ఆ తర్వాతే మీటర్ వాళ్ల చేతికి ఇవ్వు.

"అర్థమైందా?" అని మాత్రం అడగకు, అందరూ తలూపుతారు. "ఈ బ్రేకర్ ట్రిప్ అయింది, మొదట ఏం చూస్తావు?" అని అడుగు. అడిగి ఆగు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసులను గమనిస్తే టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని తేలింది. 3 సెకన్లకు మించి ఆగినప్పుడు జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా నోరు తెరవనివాళ్లు కూడా మాట్లాడారు. ఆ మౌనం కొత్తలో టెన్షన్‌గానే ఉంటుంది, భరించు.

రోజూ మొదటి ఐదు నిమిషాలు పాత పాఠం మీద రెండు ప్రశ్నలు, నోట్స్ మూసేసి, మార్కుల్లేకుండా. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత మాత్రం చదివింది గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే బాగా చేశారు. మన పిల్లలకు కావలసింది ఆ వారం తర్వాతి సంగతే కదా, ఉద్యోగంలో చేరాక నోట్స్ తిరగేసే టైమ్ ఎవరిస్తారు?

ఒకరు చూసి నేర్చుకుంటారు, ఇంకొకరు విని నేర్చుకుంటారు, ఒక్కొక్కరికీ ఒక్కోలా చెప్పాలి అని ఏదైనా ట్రైనింగ్‌లో అంటే దాని మీద టైమ్ పెట్టకు, దానికి సరైన ఆధారాలు దొరకలేదు.

నీ క్లాసులో పగలు ఉద్యోగం చేసి వచ్చేవాళ్లుంటారు, పిల్లల తల్లులుంటారు, బడి మానేసి చాలా ఏళ్లయినవాళ్లుంటారు. "నాకు లెక్కలు రావు సార్" అని మొదటి రోజే చెప్పేస్తారు. వాళ్లను నలుగురిలో నిలబెట్టి తప్పు చూపిస్తే మర్నాడు రారు, ఇది నేను చాలాసార్లు చూశాను. బెంచ్ దగ్గరికి వెళ్లి, పక్కన నిలబడి, ఒకే ఒక్క విషయం చెప్పు. "బాగాలేదు, మళ్లీ చెయ్యి" అంటే వాళ్లకు దారి దొరకదు. "స్క్రూ కింద ఇన్సులేషన్ ఇరుక్కుంది, రాగి సరిగా తగలడం లేదు, లోడ్ పడితే ఇక్కడ వేడెక్కుతుంది" అను. వాళ్లే విప్పి మళ్లీ బిగిస్తారు. స్క్రూడ్రైవర్ వాళ్ల చేతిలోంచి నువ్వు లాక్కోకు, ఎంత ఆలస్యమైనా సరే.

ఎవరైనా వరుసగా రెండు క్లాసులు రాకపోతే ఆఫీసు పంపే నోటీసు కోసం ఆగకుండా నువ్వే ఫోన్ చెయ్యి. తిట్టడానికి కాదు, ఏ పాఠం పోయిందో చెప్పి, వచ్చేసారి పది నిమిషాలు ముందు రమ్మనడానికి. మానేసేవాళ్లలో చాలామంది వెనకబడ్డామన్న సిగ్గుతోనే మానేస్తారు.

మొదటి ప్రాక్టికల్‌కి రాసుకున్న మెట్ల కాగితం నాకు పంపు. ఏదైనా వదిలేశావేమో చూసి చెబుతాను.

ప్రేమతో,
అన్నయ్య