స్కాన్ తీయకుండానే డిప్రెషన్ మాత్ర రాశారు, వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. కూకట్‌పల్లిలో ఉంటాం. రెండు నెలలుగా నిద్ర లేదు, వంట చేయాలన్నా విసుగు, ఊరికే ఏడుపొస్తోంది. మా ఫ్యామిలీ డాక్టర్ కాసేపు మాట్లాడి, థైరాయిడ్ పరీక్ష చేయించి ఎస్సిటాలోప్రామ్ రాశారు. వారం వాడితే కడుపులో తిప్పింది, గుణమూ లేదు, మానేశాను. నిద్ర కోసం మా అక్క వాడే ఆల్ప్రజోలం వేసుకుంటున్నాను. స్కాన్ కూడా తీయకుండా ఇలా మందు రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు. డిప్రెషన్‌ను పట్టిచ్చే స్కాన్ లేదు, మాటల్లోనే తేలాలి. థైరాయిడ్ చూశారు, మంచిదే. రక్తహీనత, బి12 కూడా చూస్తే మేలు.

నన్ను కంగారు పెట్టింది అక్క మాత్ర. ఆల్ప్రజోలం నిద్ర పట్టిస్తుందే తప్ప డిప్రెషన్‌ను తగ్గించదు. కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది. షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా మన ఇళ్లలో ఒకరి స్ట్రిప్ ఇంకొకరి దిండు కిందకి చేరుతూనే ఉంటుంది! అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. రోజూ వాడుతుంటే ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక అసలు మందు, ఎస్సిటాలోప్రామ్. కాస్త దిగులుగా ఉందని వచ్చినవాళ్లందరికీ మేం మాత్ర రాయం. కౌన్సెలింగ్, నడక, నిద్రవేళలు సరిచేసి రెండు వారాలాగి మళ్లీ చూస్తాం. లక్షణాలు వారాల తరబడి ఉండి, రోజువారీ పనులకే అడ్డొస్తే మందు ఆలోచిస్తాం. మీరు రాసినదాన్ని బట్టి మీ డాక్టర్ అలాగే అనుకుని ఉంటారు. వికారం సాధారణంగా వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. వారానికే తీర్పు చెప్పేస్తే ఎలాగమ్మా?

గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, అదుపులేని ఖర్చు ఉండేవా? ఉంటే డాక్టర్ అడక్కపోయినా చెప్పండి. అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) కావచ్చు, అప్పుడు ఈ మందు ఒక్కటే ఇస్తే బెడిసికొట్టే ప్రమాదముంది. నొప్పి మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భం వచ్చే అవకాశమున్నా చెప్పాలి.

చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? మీరు రాయలేదు కానీ నేను అడగాలి. వస్తే ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. లేదా ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లండి.

మిమ్మల్ని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. రెండు స్ట్రిప్పులూ పట్టుకుని ఈ వారమే మీ డాక్టర్‌ను కలవండి. అక్క మాత్రలు ఎన్ని వేసుకున్నారో దాచకండి.