ఉమ్మడి శాఖలో కరెంట్ సోర్స్ ఉన్నప్పుడు మెష్ సమీకరణాలు

ఉమ్మడి శాఖలో కరెంట్ సోర్స్ ఉన్న సర్క్యూట్‌కు మెష్ సమీకరణాలు రాయడంలో చిక్కు వచ్చిందని మీరు అడిగారు. మీ సర్క్యూట్‌లో ఎడమ మెష్‌లో (మెష్ అంటే లోపల మరో లూప్ లేని లూప్) ధన ధ్రువం పైకి ఉన్న 20 వోల్టుల బ్యాటరీ, 6 ఓముల రెసిస్టర్, కుడి మెష్‌లో 4 ఓముల రెసిస్టర్, రెండు మెష్‌లకూ ఉమ్మడిగా ఉన్న శాఖలో బాణం పైకి ఉన్న 3 ఆంపియర్ల కరెంట్ సోర్స్ (వోల్టేజీ ఎంతైనా నిర్ణీత కరెంట్‌నే పంపేది) ఉన్నాయి. ఆ సోర్స్ కొసల మధ్య వోల్టేజీని మీరు సున్నా అనుకోవడమే చిక్కంతటికీ కారణం. అది ముందుగా తెలియదు కనుక ఆ శాఖను పక్కన పెట్టి, బయటి లూప్ చుట్టూ కిర్కాఫ్ వోల్టేజీ నియమాన్ని (లూప్ చుట్టూ వోల్టేజీల మొత్తం సున్నా) రాయాలి. ఎడమ మెష్ కరెంట్ ఐ1, కుడి మెష్ కరెంట్ ఐ2 రెండూ సవ్యదిశలో తీసుకుంటే 6ఐ1 + 4ఐ2 = 20 అవుతుంది, సోర్స్ వల్ల ఐ2 − ఐ1 = 3 అవుతుంది (ఉమ్మడి శాఖలో ఐ2 పైకి, ఐ1 కిందికి పోతాయి కనుక). సాధిస్తే ఐ1 = 0.8, ఐ2 = 3.8 ఆంపియర్లు. సోర్స్ వోల్టేజీ 4 × 3.8, అంటే 15.2 వోల్టులు. రెండు సోర్సులు ఇచ్చే పవర్ 16 + 45.6 = 61.6 వాట్లు, రెసిస్టర్లలో ఖర్చయ్యేది 3.84 + 57.76, అదీ అంతే.