పాఠకుల ప్రశ్నలు: స్పీకర్లకు తగ్గ యాంప్లిఫయర్

ప్రశ్న: కెఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పీకర్లు కొన్నాను. నా దగ్గరున్న 20 వాట్ల ట్యూబ్ యాంప్లిఫయర్‌తో గొంతు హాయిగా ఉంది గానీ డోలు దెబ్బలో పస లేదు. వంద వాట్లది పెడితే స్పీకర్లు కాలిపోతాయని షాపతను అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: టెన్షన్ పడకండి. చిన్న యాంప్లిఫయర్‌ని శక్తికి మించి పెంచినప్పుడే శబ్దం చీలి, ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) మాడే ప్రమాదం ఎక్కువ. మీ స్పీకర్ల సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతాయన్న లెక్క, 85 డెసిబెల్సే. శబ్దం ఇంకో 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. పైగా స్పీకర్ కరెంటుకు ఇచ్చే అడ్డు (ఇంపెడెన్స్) 8 ఓమ్‌లని రాసి ఉన్నా, కొన్ని స్వరాల దగ్గర 3.5 దాకా దిగుతుంది, అప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. అక్కడ కరెంటు అందించలేని యాంప్లిఫయర్ ఉంటే డోలు చప్పబడుతుంది, మీకు జరుగుతున్నది అదేననుకుంటాను.

కంపెనీ చెప్పింది 40 నుంచి 100 వాట్లు. 8 ఓమ్‌లకు 70 వాట్లు ఇచ్చి, 4 ఓమ్‌లకు దాదాపు రెట్టింపు ఇచ్చే క్లాస్ ఏబీ రకం యాంప్లిఫయర్ తీసుకోండి. ఎప్పుడూ బాగా వేడెక్కి ఉండే క్లాస్ ఏ రకం మాత్రం నేను ఒప్పుకోను. మే నెల కావలి ఉక్కలో హాల్లో పొయ్యి పెట్టుకున్నట్టే. నెల్లూరో ఒంగోలో వెళ్తే మీ స్పీకర్లే కారులో పెట్టుకెళ్లి, సన్నాయి డోలు రికార్డు వేయించుకుని వినండి. నచ్చాకే డబ్బు కట్టండి.